అక్కా, ఒక మాట: ఛాన్సుల కోసం వచ్చిన పిల్లల ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సినిమా పిల్లలవే, లేదంటే వాళ్ల అమ్మానాన్నలవే. పోయిన సంచికలో ఆడిషన్ గురించి నాలుగు ముక్కలు రాశాను, దానికి ఇంతమంది స్పందిస్తారని అనుకోలేదు. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి ఒక్క మాట. నేను 1999లో ఈ ఫీల్డుకి వచ్చాను. జూనియర్ ఆర్టిస్టుగా మొదలై, సీరియల్స్‌లో వదిన, పిన్ని, ఇప్పుడు అత్త వేషాలు వేస్తూ, ఖాళీ ఉన్నప్పుడు డబ్బింగ్ చెప్పుకుంటూ ఇల్లు నడుపుకున్నాను. పెద్ద పేరున్న నటిని కాదు, కానీ ఛాన్సుల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్ గల్లీల్లో ఎవరు ఎందుకు నిద్రపోకుండా కూర్చుంటారో నాకు తెలుసు. అందుకే ఈ పేజీలన్నీ ఈసారి వాళ్లకే ఇస్తున్నాను. పేర్లు వేయలేదు, కొన్ని ఊళ్లు మార్చాను.

ప్రశ్న: అక్కా, నాకు 25. బాపట్ల దగ్గర పల్లె మాది. బీటెక్ అయ్యాక కోచింగ్ అని చెప్పి హైదరాబాద్ వచ్చి మూడేళ్లయింది. ఇంట్లో గచ్చిబౌలిలో జాబ్ అని చెప్పాను. నిజానికి కృష్ణానగర్‌లో నలుగురం ఒక రూములో ఉంటూ ఆడిషన్లకి తిరుగుతున్నాం. రెండు సినిమాల్లో ఒక్కో డైలాగు దొరికింది, అందులో ఒకటి ఎడిటింగ్‌లో పోయింది. ఇప్పుడు నాన్న సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి వాళ్లు పే స్లిప్ అడుగుతున్నారట. నిజం చెబితే నాన్న గుండె ఆగిపోతుందేమో అని భయం. వదిలేసి వెళ్దామంటే ఇంకో ఆర్నెల్లు ఆగితే ఏదో ఒకటి తగులుతుందనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సంబంధం ఇవాళే ఆపించు. నాన్నతో ఆడిన అబద్ధం ఇన్నాళ్లూ మీ ఇంటి విషయం. పే స్లిప్ దాకా వచ్చేసరికి నీకు ముక్కూ ముఖం తెలియని ఒక ఆడపిల్ల జీవితం మధ్యలోకి వస్తోంది. రూములో ఎవడో ఒకడు దొంగ స్లిప్ చేయించి ఇస్తానంటాడు చూడు, ఆ పని మాత్రం చచ్చినా చేయకు.

ఇక నాన్న సంగతి. నీ నోటితో చెబితే ఓ వారం తిడతాడు, నెల రోజులు మాట్లాడడు, తర్వాత ఎలాగో సర్దుకుంటాడు. అదే మాట పెళ్లిచూపుల్లో నలుగురి మధ్య బంధువుల నోట విన్నాడనుకో, ఆ తలవంపు ఆయన్ని తినేస్తుంది. ఫోన్లో చెప్పకు. రాత్రి బస్సెక్కి వెళ్లు, పొద్దున్నే ఆయన పొలానికో పనికో బయలుదేరక ముందు పక్కన కూర్చుని చెప్పు. అమ్మకి ముందు చెప్పి ఆవిడ చేత చెప్పించాలని చూడకు, ఇద్దరి మధ్యా ఆవిడ నలిగిపోతుంది.

నేను వచ్చిన కొత్తలో మా పక్క వాటాలో ఒక కుర్రాడు ఉండేవాడు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఎస్టీడీ బూత్‌కి వెళ్లి 'లంచ్ బ్రేక్ అమ్మా, ఎక్కువసేపు మాట్లాడలేను' అని ఇంటికి ఫోన్ చేసేవాడు. మీటరు మీద తిరిగే ఎర్ర అంకెల్నే చూస్తూ మాట్లాడేవాడు, జేబులో చిల్లర అంతకే సరిపోతుంది మరి. ఒకరోజు వాడి వెనక వరసలో నేనే ఉన్నాను. అవతల వాళ్లమ్మ ఏదో అంది, వీడు మాట లేకుండా రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బయటికొచ్చాక చెప్పాడు, 'అక్కా, ఇవాళ ఆదివారం కదరా, ఆఫీసేంటి అని అడిగింది' అని. ఆవిడకి అంతకుముందు సంక్రాంతి నుంచే తెలుసట. ఇంటికెళ్లినప్పుడు వీడి చొక్కా కాలర్‌కి అంటిన మేకప్ మరక ఎంత ఉతికినా పోలేదట, అయినా నోరు తెరిచి అడగలేకపోయిందట. మీ ఇంట్లో కూడా ఎంతో కొంత తెలిసే ఉంటుంది తమ్ముడూ, నువ్వు ఒక్కడివే దాస్తున్నానని అనుకుంటున్నావు.

ఇప్పుడు ఆర్నెల్ల లెక్క. వెళ్లిపో అని నేను చెప్పను, ఉండు అనీ చెప్పను. కానీ జాబ్ చూసుకుని ఉండు. ఉద్యోగం చేస్తే నటన మీద సీరియస్‌నెస్ లేనట్టు అని మన పిల్లల్లో ఒక పిచ్చి నమ్మకం ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు, 1978లో మొదటి సినిమాకి ఆయన వయసు ముప్పై ఆరు. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణిలో పనిచేసి, నలభై దాటాక తెర మీదికి వచ్చారు. నెల మొదట్లో జీతం పడే మనిషి ఆడిషన్‌లో నిలబడే తీరే వేరుగా ఉంటుంది, ఈ వేషం రాకపోతే అద్దె ఎలా అన్న భయం గొంతులోకి రాదు. కెమెరా ఆ భయాన్ని ఇట్టే పట్టేస్తుంది. నైట్ షిఫ్టు చూసుకో, ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా చేరు, డబ్బింగ్ నేర్చుకో, ఏదైనా సరే, గదిలో నలుగురూ ఒకరి నిరాశని ఒకరు చూసుకుంటూ పడుకోవడం కంటే మంచిది.

ఇంకో పని. ఒక నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లిన ప్రతి ఆడిషన్ రాసుకో. ఎవరు పిలిచారు, ఏ సీను ఇచ్చారు, రెండో రౌండుకి పిలిచారా లేదా. ఇరవై ఆడిషన్లలో ఒక్కసారి కూడా రెండో పిలుపు రాలేదంటే సాధనలో లోటుంది, జాతకంలో కాదు. మీ వైపు పరిషత్తు నాటకాలు ఇంకా బాగానే ఆడుతున్నారు, వెళ్లి ఒక నాటక సమాజంలో చేరి రెండు నాటకాలు వేయి. మూడు నెలలు రిహార్సల్ చేసి ఒక్క రాత్రి జనం ముందు నిలబడితే వచ్చే ధైర్యం, మూడేళ్లు ఆఫీసుల గేట్ల దగ్గర నిలబడినా రాదు.

ప్రశ్న: అమ్మా, మాది ప్రొద్దుటూరు వైపు. మా అబ్బాయి హైదరాబాద్‌లో కంపెనీలో చేస్తున్నాడని అనుకుంటున్నాం. మొన్న మా ఆవిడ సీరియల్ చూస్తుంటే అందులో ఎస్సై వెనకాల నిలబడ్డ కానిస్టేబుల్ మావాడే. ఏడుస్తూ నన్ను పిలిచింది. అడిగితే కోపమొచ్చి ఎటైనా వెళ్లిపోతాడేమో. అడక్కపోతే ఎంతకాలం ఇలా?

జవాబు: అన్నగారూ, పై ఉత్తరం కుర్రాడు మీ అబ్బాయి కాదు, ఊళ్లు వేరు. కానీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు నా చేతికొచ్చాయి, వరసగా చదివి కాసేపు పక్కన పెట్టేశాను.

ఈసారి వాడు పండక్కి వచ్చినప్పుడు అన్నం తినేటప్పుడు మామూలుగా అనండి, 'టీవీలో చూశాన్రా, ఆ డ్రెస్ నీకు బాగుంది' అని. అంతే, ఇంకేం అడక్కండి. మిగతాది వాడే చెబుతాడు, అర్ధరాత్రి దాకా చెబుతాడు. చెప్పాక డబ్బు గురించి మాత్రం స్పష్టంగా ఉండండి. ఇన్ని నెలలు రూము అద్దె, తిండి నేను చూస్తాను అనండి, నెలలు లెక్కగా చెప్పండి. సినిమాలో వేషం ఇప్పిస్తామని, నిర్మాణంలో భాగం అని ఎవరైనా లక్షలు అడిగితే మాత్రం పొలం పత్రాలు బయటికి తీయకండి. అలా ఎకరాలు పోగొట్టుకున్న తండ్రుల్ని నేను చాలామందిని చూశాను. ఆ కొడుకులు ఆ భారంతో సెట్లో నోరు తెరవలేక ఇంకా దెబ్బతిన్నారు.

ప్రశ్న: అక్కా, నాకు 21, ఖమ్మం జిల్లా. అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటున్నా. నా రీల్స్ చూసి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కో-ఆర్డినేటర్ మెసేజ్ చేశాడు. పోర్ట్‌ఫోలియో, ఆర్టిస్ట్ కార్డు అని నలభై ఐదు వేలు తీసుకున్నాడు, అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చాను. తర్వాత వెబ్ సిరీస్‌లో హీరోయిన్ అన్నాడు, 'కమిట్‌మెంట్' ఉంటుందన్నాడు. అంటే వేషం కావాలంటే లొంగాలట, అది ముందు అర్థం కాలేదు. లుక్ టెస్ట్ అని కొన్ని ఫొటోలు పంపించమంటే పంపాను, అలాంటివి పంపకూడదు అని తర్వాత తెలిసింది. ఇప్పుడు రాకపోతే అవి బయట పెడతానంటున్నాడు. టెన్షన్‌తో అన్నం కూడా తినబుద్ధి కావడం లేదు. తప్పు నాదేనా?

జవాబు: తప్పు నీది కాదు తల్లీ. ఇది చదివి రెండోసారి కూడా చదువుకో, తప్పు నీది కాదు. వాడు ఇదే పనిగా పెట్టుకున్నవాడు, నీకంటే ముందు ఇంకెంతమందినో చూసి ఉంటాడు, నీ రీల్స్ చూసి నీకేం కావాలో కనిపెట్టి ఆ మాటే చెప్పాడు.

ఇప్పుడు వరసగా చెబుతాను. వాడికి ఇంకొక్క రూపాయి పంపకు, ఒక్కసారి ఇస్తే మళ్లీ మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయకు, బ్లాక్ చేసే ముందు ప్రతిదీ స్క్రీన్‌షాట్ తీసి, వాడి అకౌంట్ పేరు, ఫోన్ నంబరు, డబ్బు పంపిన యూపీఐ వివరాలు నీకు నమ్మకమైన ఇంకొకరి ఫోన్లో కూడా పెట్టు. 1930 సైబర్ క్రైమ్ నంబరు, డబ్బు మోసానికి ముందు దానికి ఫోన్ చెయ్యి. బెదిరింపు సంగతి పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పు, ఒంటరిగా వెళ్లకు, హాస్టల్‌లో స్నేహితురాలినో అమ్మనో తీసుకెళ్లు. ఫొటోలు ఎక్కడైనా పెట్టినా ఆ సైట్లు నీ ఫిర్యాదు మీద తీసేయాల్సిందే, చట్టం అలాగే ఉంది.

చట్టం గురించి ఇంకో రెండు ముక్కలు, ఎందుకంటే మన పిల్లలకి ఇవి ఎవరూ చెప్పరు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. ఉద్యోగం ఇస్తామని దొంగ మాట చెప్పి అమ్మాయిని లోబరుచుకుంటే పదేళ్ల దాకా శిక్ష వేయొచ్చు. ఇక పని చోట వేధింపుల మీద 2013 చట్టంలో బాధితురాలు ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా ఫిర్యాదు చేయొచ్చని రాసి ఉంది, అంటే ఇంకా వేషం రాని అమ్మాయి కూడా అడగొచ్చు. ప్రతి జిల్లాలో దానికో స్థానిక కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాసివ్వాలి, గుర్తుపెట్టుకో.

ఈ 'కమిట్‌మెంట్' అనే మాట కొత్తది కాదు. మలయాళ సినిమా గురించి జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చినప్పుడు అందులో 'అడ్జస్ట్‌మెంట్', 'కాంప్రమైజ్' అని ఇలాంటి మాటలే కనిపించాయి. అంతకు ఆరేళ్ల ముందు, 2018 ఏప్రిల్‌లో, మన ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి చేసిన నిరసన అందరూ చూశారు. ఆమె పద్ధతి నచ్చిందా లేదా అని నెల రోజులు మాట్లాడుకున్నారు, ఆమె చెప్పిన విషయం మీద మాత్రం అంతసేపు మాట్లాడలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ బాధే.

నిజమైన ఆడిషన్ ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఇది అందరికీ పనికొస్తుంది. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ నుంచో క్యాస్టింగ్ వాళ్ల నుంచో ఫోన్ వస్తుంది, బ్యానర్ పేరు చెబుతారు, ఆ పేరు మీద ఆఫీసు ఉందో లేదో నువ్వు నలుగురిని అడిగి తెలుసుకోవచ్చు. పగలు, ఆఫీసులో. ఒక పేజీ డైలాగు ఇస్తారు, పది నిమిషాలు చదువుకోమంటారు, గోడ ముందు నిలబెట్టి ఫోన్లోనో చిన్న కెమెరాలోనో తీస్తారు, 'చెబుతాం' అని పంపేస్తారు. హోటల్ రూములు, రాత్రి మీటింగులు, డిపాజిట్లు ఇందులో ఎక్కడా రావు. వేషం ఇచ్చేవాళ్లు నీకు డబ్బులివ్వాలి, నీ దగ్గర తీసుకోవడం అనేదే లేదు. పోర్ట్‌ఫోలియోకి వేలు పోయక్కర్లేదు. పొద్దున కిటికీ పక్కన నిలబడి ఫోన్‌తో తీసిన ఫొటోలు చాలు, ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువెత్తు ఒకటి. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెబుతూ ఒక నిమిషం వీడియో, ఫిల్టర్లు లేకుండా. కార్డు కావాలంటే యూనియన్ ఆఫీసుకి నువ్వే వెళ్లి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి, మధ్యలో మనిషి అక్కర్లేదు.

అమ్మకి గొలుసు సంగతి చెప్పు. కోప్పడుతుంది, తర్వాత నీతో పాటు స్టేషన్‌కి వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. హీరో అవడానికి లేటయిందా? పేరులో అక్షరాలు మార్చుకుంటే కలిసొస్తుందంటున్నారు.

జవాబు: రవితేజ గారు సోలో హీరోగా తెర మీదికి వచ్చింది 1999లో, అప్పటికి ఆయనకీ 31. కానీ దానికి ముందు ఎన్నో ఏళ్లు చిన్న వేషాలు వేస్తూ, అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తూ సెట్లోనే ఉన్నారు. నువ్వు ఆ ఏళ్లు ఎక్కడున్నావో నాకు రాయలేదు, అది రాసి ఉంటే ఇంకొంచెం చెప్పేదాన్ని. అక్షరాలు మార్చుకోవడానికి ఎవరికైనా డబ్బిస్తే ఆ డబ్బుతో నెల రోజులు ఫైట్స్ క్లాసుకో డాన్స్ క్లాసుకో వెళ్లొచ్చు.

ప్రశ్న: అక్కా, మాది రాజమహేంద్రవరం. మా పాపకి ఏడేళ్లు, సీరియల్‌లో చిన్నప్పటి హీరోయిన్‌గా చేస్తోంది. మావాళ్లంతా చాలా సంతోషంగా ఉన్నారు. కానీ మొన్న ఏడుపు సీనుకి 'మీ అమ్మ నిన్ను వదిలేసి ఊరెళ్లిపోయింది' అని చెప్పి ఏడిపించారు. నేను మేకప్ రూములో ఉన్నాను, నాకు తెలియదు. సీను అద్భుతంగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నుంచి నా కొంగు పట్టుకునే పడుకుంటోంది. నేను ఎక్కువ ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదమ్మా, సరిగ్గానే ఆలోచిస్తున్నారు. రేపటి నుంచి మీరు కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎవరైనా బయట ఉండమంటే పాపతో పాటు బయటే ఉండండి. ఏడుపు సీనుకి గ్లిజరిన్ ఉంది, నేను పాతికేళ్లుగా దాంతోనే ఏడుస్తున్నాను, ఎవరూ నన్ను నమ్మించి ఏడిపించక్కర్లేదు. ఏడేళ్ల పిల్లకి అది సీను అని తెలియదు, అమ్మ పోయిందనే తెలుసు. చప్పట్లు కొట్టినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను, సాయంత్రంలోపు ఎపిసోడ్ పంపాలన్న కంగారులో కళ్ల ముందున్నది పసిపిల్ల అని మర్చిపోతారు. గుర్తుచేయాల్సిన మనిషి మీరే.

మన దగ్గర దీనికి రూల్స్ ఉన్నాయి. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, తర్వాతి ఏడాది రూల్స్ తెచ్చారు. పిల్లల చేత నటింపజేయాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించి చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకి మించి పెట్టకూడదు. చదువు ఆగకుండా ఏర్పాటు చేయాలి. పాప సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరు మీదే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజర్ అయ్యాక ఆమెకే వస్తుంది. పిల్లకి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా అందులోనే ఉంది. వీటిలో మీకు ఎన్ని జరుగుతున్నాయో మేనేజర్‌ని కూర్చోబెట్టి అడగండి, డిపాజిట్ రసీదు చూపించమనండి. గట్టిగా అడిగితే పాపని మార్చేస్తారేమో అని భయపడతారు కదా, మార్చేస్తే మార్చేయనివ్వండి.

ఇంకో సంగతి, పాపని ఇంట్లోనూ బంధువుల ముందూ సీరియల్‌లో పాత్ర పేరుతో పిలవకండి. సీరియల్ ఏదో ఒకరోజు అయిపోతుంది, లేదా కథలో పదేళ్లు దూకి పెద్దమ్మాయిని పెడతారు, అప్పుడు ఆ పేరు ఇంకొకరిదైపోతుంది. మా సెట్లో ఒక పిల్లాడు అలా మారిపోయాక కూడా రెండు నెలలు స్కూలు బస్సు దగ్గర 'నన్ను గుర్తుపట్టలేదా' అని అందరినీ అడిగేవాడని వాళ్లమ్మ చెప్పింది.

ప్రశ్న: అక్కా, నన్ను మీరు చూసే ఉంటారు. రెండేళ్ల కింద ఒక సినిమాలో హీరో ఫ్రెండ్‌గా చేశాను, నా డైలాగు ఒకటి బాగా వైరల్ అయింది. ఆర్నెల్లు రోడ్డు మీద నడవలేకపోయాను, కాలేజీ ఫంక్షన్లు, షాపు ఓపెనింగులు, అన్నీ. ఆ ఊపులో లోన్ మీద కారు తీసుకున్నా. ఇప్పుడు 14 నెలలుగా ఫోన్ లేదు. ఈఎంఐ కట్టలేక మొబైల్ షోరూములో సేల్స్ జాబ్‌కి వెళ్తే, అక్కడి కుర్రాడు సెల్ఫీ తీసుకుని 'బ్రో, మీరేంటి ఇక్కడ' అన్నాడు. షాపింగ్‌కి వచ్చానని చెప్పి బయటికొచ్చేశా. రాత్రుళ్లు నిద్ర లేదు. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, ఆఖరి వాక్యం నువ్వు అలవాటుగా రాశావో నిజంగా రాశావో నాకు తెలియదు, నేను నిజమనే తీసుకుంటున్నాను. టెలీ మానస్ అని ప్రభుత్వానిది, నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ పేజీ కింద పెట్టి ముందు అక్కడికి చెయ్యి. నువ్వెవరో చెప్పాల్సిన పని కూడా లేదు. ఈ రాత్రి ఒంటరిగా పడుకోకు, ఒక స్నేహితుణ్ణి రూముకి పిలిపించుకో, లేదా నువ్వే వెళ్లు.

మిగతాది తీరిగ్గా చదువు. 2000, 2001లో వరసగా మూడు హిట్లు కొట్టిన హీరో ఉదయ్ కిరణ్ గుర్తున్నాడా? ఇరవై రెండేళ్లు కూడా నిండకుండా ఫిల్మ్‌ఫేర్ అందుకునేంత పని చేశాడు. 2014 జనవరి 5న, ముప్పై మూడేళ్లకి మనల్ని వదిలి వెళ్లిపోయాడు. మర్నాడు ఉదయం వార్త విన్నప్పుడు మేం షూటింగ్‌లో ఉన్నాం, లైట్‌మెన్ దగ్గర నుంచి అందరూ ఎక్కడివాళ్లు అక్కడ కూర్చుండిపోయారు. ఎవరికి వాళ్లు ఇదీ కారణం అని చెప్పేస్తారు, ఒక మనిషి అలా వెళ్లిపోవడం ఒక్క కారణంతో తేలేది కాదు. నాకు మిగిలిపోయిన బాధ ఒకటే, ఆ తర్వాత మాట్లాడిన మాటల్లో సగం ముందు ఆయనతోనే మాట్లాడి ఉంటే బాగుండేదని. అందుకే నీతో ఇప్పుడు మాట్లాడుతున్నాను.

ఫోన్ ఎందుకు ఆగిందో చెబుతాను, నీలో ఏదో లోపం వల్ల అనుకుంటున్నావు కాబట్టి. వైరల్ అయిన డైలాగు ఒక రకంగా తాళం వేసేస్తుంది. కొత్త డైరెక్టర్‌కి నీ ముఖం చూడగానే ఆ పాత్రే కనిపిస్తుంది, తన కథలో ఆ నవ్వు వద్దు కాబట్టి ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఈలోపు నీ రేటు పెరిగిపోయి ఉంటుందని వాళ్లే ఊహించుకుని ఫోన్ చేయరు. నువ్వేమో పేరొచ్చాక మనమే ఫోన్ చేస్తే చులకనవుతామని చేయవు. ఇద్దరూ ఆగిపోతారు, పద్నాలుగు నెలలు గడిచిపోతాయి. ఇది నాకు తెలిసినవాళ్లలోనే చాలామందికి జరిగింది, నాకు కూడా ఒక సీరియల్ బాగా ఆడాక ఎనిమిది నెలలు ఖాళీ వచ్చింది, పైగా ఆ సీరియల్ ఆఖరి రెండు నెలల పేమెంట్ ఈరోజు వరకు రాలేదు. అప్పుడు నేను డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరిగి గుంపులో అరుపులు చెప్పాను. నా ముఖం తెలిసిన ఇంజినీర్లే గాజు అవతల నుంచి చూస్తుంటే మొదటి రోజు చెవులు వేడెక్కాయి. నాలుగో రోజు నుంచి ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

చిత్తూరు నాగయ్య గారు పోతనగా, త్యాగయ్యగా, వేమనగా జనం చేత దండాలు పెట్టించుకున్నారు. వచ్చినవాళ్లకి లేదనకుండా ఇచ్చి, చివర్లో చిన్న చిన్న వేషాలు వేస్తూ, 1973లో చేతిలో ఏమీ లేకుండా పోయారు. సావిత్రి గారు సొంత డబ్బు పోసి తీసిన సినిమాలు, ఆ తర్వాత జరిగింది మనందరికీ తెలుసు. అంత పెద్దవాళ్లకే డబ్బు నిలవలేదు, నీ ఈఎంఐ గురించి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. కారు అమ్మెయ్. బ్యాంకు వాళ్లు వచ్చి పట్టుకెళ్లేదాకా ఆగితే వేలంలో తక్కువకి పోతుంది, మిగిలిన బాకీ నీ మీదే ఉంటుంది. నువ్వే బ్యాంకుకి వెళ్లి, అమ్మి లోన్ మూసేస్తానని చెప్పు. ఇంకోటి, నీ పేమెంట్లలో పది శాతం టీడీఎస్ అని ముందే పన్ను పట్టుకుని ఉంటారు, రిటర్న్ వేశావా? మన కుర్రాళ్లు చాలామంది వేయరు. ఈ ఏడాదిదైనా గడువులోపు వెయ్యి, ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే పట్టుకున్నది వెనక్కి వస్తుంది.

వచ్చే సోమవారం నుంచి రోజుకి ముగ్గురు అసిస్టెంట్ డైరెక్టర్లకి నువ్వే ఫోన్ చెయ్యి. 'అన్నా, ఖాళీగా ఉన్నాను, సీరియస్ క్యారెక్టర్ ఏదైనా ఉంటే ఆడిషన్ ఇస్తాను' అని ఆ మాటే చెప్పు. ఖాళీగా ఉన్నాను అనే మాట నోటికి రావడం మొదట్లో కష్టంగా ఉంటుంది, అద్దం ముందు చెప్పి చూసుకో. నవ్వించే డైలాగు కాకుండా, తండ్రితో గొడవపడే సీనో, అప్పులవాడికి సర్దిచెప్పే సీనో ఒకటి నువ్వే ఫోన్లో తీసి దగ్గర పెట్టుకో, అడిగినవాళ్లకి అది పంపు.

ఆ షోరూముకి మళ్లీ వెళ్లు. ఆ కుర్రాడు నిన్ను అవమానించలేదు తమ్ముడూ, ఇష్టమైన మనిషి ఎదురుగా కనిపించేసరికి నోటికొచ్చింది అడిగేశాడు. 'ఉద్యోగం కోసం వచ్చాను, మీ మేనేజర్ ఉన్నాడా' అని అడుగు. వాడే లోపలికి తీసుకెళ్తాడు, చూస్తూ ఉండు. జీతమెంత, ఇన్సెంటివ్ ఎలా, ఆడిషన్ ఉన్న రోజు షిఫ్టు మార్చుకోవడానికి కుదురుతుందా, ఇవన్నీ ముందే మాట్లాడుకో.

నువ్వు ఉత్తరంలో చిరునామా రాయలేదు, అందుకే ఇక్కడ ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది. పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసి ఆ డైలాగు అబ్బాయినని చెప్పు, నా నంబరు ఇస్తారు, వాళ్లకి చెప్పి పెట్టాను. పగలంతా షూటింగ్‌లో ఉంటాను, రాత్రి తొమ్మిది దాటాక చెయ్యి.